మన భోజనాన్ని ఇతర దేశాల భోజనంతో పోల్చి చూసుకోవడం ఎలా?

జపాన్ వాళ్లు చేపలు తింటారు కాబట్టి నూరేళ్లు బతుకుతారనీ, గ్రీసు వాళ్లు ఆలివ్ నూనె వాడతారు కాబట్టి వారికి గుండెజబ్బులు రావనీ, మనం అన్నం తింటాం కాబట్టే మనకు షుగరు వస్తోందనీ చెప్పే మాటలు ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ వినిపిస్తున్నాయి. వాటిలో ఎంతో కొంత నిజం ఉన్నా, ఒక దేశపు భోజనంలోంచి ఒకే పదార్థాన్ని విడదీసి మన పళ్లెం పక్కన పెట్టి చూస్తే తేలేదేమీ ఉండదు. ఏది ఎంత తింటున్నారు, ఏ వరుసలో, దేనితో కలిపి, ఎలా వండి, రోజంతా ఎంత ఒళ్లు వంచి పనిచేసేవారు తింటున్నారు అన్నవన్నీ కలిపి చూసినప్పుడే పోలికకు అర్థం ఉంటుంది. ఒక చిన్న డిజిటల్ కాటా, ఒక నోటుపుస్తకం ఉంటే ఈ పనిని ఇంట్లోనే పద్ధతిగా ఎలా చేసుకోవచ్చో ఇక్కడ వివరిస్తాను.

ముందుగా మీ పళ్లెం లెక్క రాసుకోండి

ఎవరి భోజనంతో పోల్చుకోవాలన్నా ముందు మన భోజనమేమిటో మనకు తెలియాలి. తెలుసుననే చాలామంది అనుకుంటారు గానీ, రాసి చూస్తే అనుకున్నదానికీ తింటున్నదానికీ పొంతన కుదరదు. వారంలో మూడు రోజులు ఎంచుకోండి: రెండు పనిదినాలు, ఒక సెలవురోజు. పండుగలు, పెళ్లిళ్లు, ఉపవాసాలు ఉన్న రోజులు ఈ లెక్కకు పనికిరావు. నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా తిన్న ప్రతిదాన్నీ తిన్న వెంటనే రాయండి. రాత్రి గుర్తుచేసుకుని రాద్దామనుకుంటే టీలు, వాటితోపాటు తిన్న బిస్కట్లు, వండుతూ రుచి చూసినవి, పిల్లలు వదిలేస్తే పారేయలేక తిన్న నాలుగు ముద్దలు లెక్కలోకి రావు. ఇంట్లో అందరికీ వండిపెట్టే ఆడవాళ్ల విషయంలో ఈ చివరిది చిన్న సంగతేమీ కాదు.

అన్నాన్ని తప్పకుండా తూచండి. ఖాళీ పళ్లేన్ని కాటా మీద పెట్టి అంకెను సున్నాకు తెచ్చి, ఆ తర్వాత వడ్డించుకోండి. మన భోజనం విడతలుగా సాగుతుంది కాబట్టి, పప్పుకో కూరకో మొదటిసారి, చారుకో పులుసుకో రెండోసారి, పెరుగుకు మూడోసారి వడ్డించుకున్నప్పుడు ప్రతిసారీ విడిగా తూచి రాయాలి. విడతకు 150 గ్రాముల చొప్పున, అంటే చూపులకు కొంచెమే అనిపించేటంత వేసుకున్నా, భోజనం ముగిసేసరికి 450 గ్రాముల అన్నం అవుతుంది. కూర, పప్పు, పచ్చడి, పెరుగు కూడా ఇలాగే తూచవచ్చు. ఓపిక లేకపోతే మీ ఇంటి గరిటెతో ఒకసారి తూచి, తర్వాత గరిటెల లెక్కన రాసుకున్నా సరిపోతుంది.

నూనె, ఉప్పు, పంచదారలను పళ్లెంలో తూచలేం. వాటికి నెలసరి సరుకుల చీటీ చాలు. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్ల నూనె ఖర్చవుతుందనుకుందాం. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది కాబట్టి, మొత్తం 3,640 గ్రాములను నలుగురికి ముప్పై రోజులకు పంచితే మనిషికి రోజుకు 30 గ్రాములు వస్తుంది. అదే ఇంట్లో నెలకు కిలో ఉప్పు అయిపోతే మనిషికి రోజుకు 8 గ్రాములు దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 5 గ్రాముల లోపే. పైగా వేసవిలో ఆవకాయకూ మాగాయకూ విడిగా కొన్న ఉప్పు, బయట తిన్న తిండిలోని ఉప్పు ఈ లెక్కలో లేవు.

కొలతలను ఒకే తీరుకు తెచ్చుకోండి

విదేశీ భోజనాల వివరాలు చదివేటప్పుడు కొలతల దగ్గరే ఎక్కువగా తప్పులు దొర్లుతాయి. బియ్యం ఉడికాక రెండున్నర నుంచి మూడు రెట్ల బరువవుతుంది. వంద గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలుంటే, వంద గ్రాముల అన్నంలో 130 దాకా ఉంటాయి. ఒకచోట బియ్యం లెక్క, మరోచోట అన్నం లెక్క ఉంటే ఆ పోలిక మొదట్లోనే చెడుతుంది. అమెరికా వంటల్లో కప్పు అంటే 240 మిల్లీలీటర్లు. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు మాత్రం జపాన్‌లో బియ్యం కొలిచే పాత కొలతను బట్టి చేసినది కాబట్టి 180 మిల్లీలీటర్లే పడుతుంది. ఉప్పు విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. మన దేశంలోనూ అమెరికాలోనూ ప్యాకెట్ల మీద సోడియం ఎంతో వేస్తారు, యూరప్‌లో ఉప్పు ఎంతో వేస్తారు. సోడియం అంకెను రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు లెక్క వస్తుంది.

దేశం దాటేముందు ఇంటి దగ్గరున్న గీటురాయి మీద ఒకసారి చూసుకోండి

1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, 2024లో భారతీయుల కోసం ఆహార మార్గదర్శకాలను సవరించి విడుదల చేసింది. రోజుకు 2,000 కేలరీలు అవసరమయ్యే వ్యక్తికి అందులో చూపిన పళ్లెం ఇది: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు (మాంసాహారులైతే వాటికి బదులుగా కొంత గుడ్లు, చేపలు, మాంసం) 85 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, వేరుసెనగ, నువ్వుల వంటి గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. ధాన్యాలు, పప్పుల బరువులు వండకముందువి.

మీ మూడు రోజుల సగటును దీని పక్కన రాయండి. రెండు పూటలా 450 గ్రాముల అన్నం తినేవారు, ఉదయపు ఇడ్లీ, దోసెలను లెక్కలోకి తీసుకోకుండానే 300 నుంచి 360 గ్రాముల బియ్యం తింటున్నారు. నలుగురున్న ఇంట్లో రోజుకు 150 గ్రాముల కందిపప్పు వండితే మనిషికి 40 గ్రాములు కూడా రాదు. కూరల లెక్క సాధారణంగా ఇంకా తక్కువ వస్తుంది. నా అభిప్రాయంలో ఈ ఒక్క కాగితం పది దేశాల భోజనాల గురించి చదవడం కన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది. అయితే, ధాన్యం ఎక్కువగా, పప్పూ కూరా తక్కువగా ఎందుకు తింటున్నామో ఈ కాగితం చెప్పదు. దానికి జవాబు ఇతరులు ఎలా తింటారో చూసినప్పుడు దొరుకుతుంది.

ఏ ప్రాంతపు, ఏ కాలపు భోజనమో తేల్చుకోండి

‘జపాన్ భోజనం’ అని ఒకటే ఉండదు. దీర్ఘాయువుకు పేరుపడ్డ ఒకినావా దీవుల్లో 1949లో జనం తిన్న ఆహారంలో కేలరీలు సగానికి మించి చిలగడదుంప నుంచే వచ్చేవి. చేపలూ మాంసమూ ఆ పళ్లెంలో చాలా తక్కువ. 1972 దాకా అమెరికా పాలనలో ఉన్న ఆ దీవుల్లో డబ్బాల్లోని మాంసం, ఫాస్ట్‌ఫుడ్ అలవాటయ్యాక కథ మారింది. ఆయుర్దాయంలో జపాన్ రాష్ట్రాలన్నింటిలో ముందు వరుసలో ఉండిన ఒకినావా పురుషులు 2000 నాటికి 26వ స్థానానికి పడిపోయారు. కాబట్టి ‘ఒకినావా వాళ్లలా తినండి’ అని ఎవరైనా చెబితే, ఏ ఏటి ఒకినావా అని మొదట అడగాలి.

హోటలు తిండిని ఇంటి తిండిగా భావించడం మరో పొరపాటు. ఇటలీ వాళ్లను పిజ్జాతో అంచనా వేస్తే, మనం రోజూ బిర్యానీ తింటామని వాళ్లు అనుకున్నట్టే ఉంటుంది. విదేశాల్లో ఉంటున్న తెలుగువారికి ఈ విషయంలో మంచి అవకాశముంది. పొరుగింటివారినో ఆఫీసులో తోటివారినో మామూలు మంగళవారం రాత్రి ఇంట్లో ఏం వండుకున్నారని అడిగితే సరైన సమాచారం దొరుకుతుంది.

మన వైపు కూడా ఇదే జాగ్రత్త కావాలి. తెల్లన్నాన్ని తెలుగువారందరి అనాది భోజనంగా లెక్కవేయకండి. తెలంగాణలో జొన్న రొట్టె, గటక, రాయలసీమలో రాగి సంకటి, కొర్రన్నం చాలా ఇళ్లలో రోజూ ఉండేవి. వరి అన్నం పండుగనాటి భోజనంగా ఉన్న ఊళ్లు ఎన్నో ఉండేవి. కాలువలు, బోర్ల కింద వరి సాగు పెరగడం, 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకే బియ్యం ఇవ్వడంతో పేదల ఇళ్లలోకీ అన్నం మూడు పూటలా వచ్చింది. ఆకలి తీర్చిన ఆ పథకం గొప్పదే. దానితోపాటు పళ్లెం మారిందన్నదీ నిజమే. మీ ఇంట్లో డెబ్బై దాటిన పెద్దవారెవరైనా ఉంటే, వారి చిన్నప్పటి ఒక రోజు భోజనాన్ని పొద్దుటి చద్దన్నం నుంచి రాత్రి దాకా చెప్పించుకుని రాసుకోండి. ఎన్ని పూటలు, ఏ ధాన్యం, నూనె ఎంతకాలానికి ఎంత కొనేవారు, మాంసం ఏ రోజుల్లో వండేవారు, పొలానికి ఎంత దూరం నడిచేవారు అని విడివిడిగా అడగండి. ఇతర దేశాల భోజనాల వరుసలో ఈ కాగితాన్ని కూడా ఉంచుకోండి.

భోజనం ఎలా అమర్చుకుంటున్నారో చూడండి

ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. జపాన్ సంప్రదాయ భోజనంలో ఒక చారు, మూడు వంటకాలు అన్నది ప్రసిద్ధమైన అమరిక. చిన్న గిన్నెలో 150 గ్రాముల దాకా అన్నం, మరో గిన్నెలో మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) చారు, కాల్చిన చేప ముక్కో టోఫూ (సోయా పాలతో చేసే పనీరు వంటిది) ముక్కలో, ఉడికించిన కూరలు, కొద్దిగా ఊరబెట్టిన ముల్లంగో దోసకాయో ఉంటాయి. అన్నం చివరిదాకా తన గిన్నెలోనే ఉంటుంది. కూరను కూరగా, చేపను చేపగా తింటూ, మధ్యమధ్య అన్నం తింటారు.

మన దగ్గర ప్రతి వంటకమూ అన్నంలో కలపడానికే పుట్టింది. కూర కలపడానికి అన్నం, పచ్చడి కలపడానికి అన్నం, చారు పోసుకోవడానికి అన్నం, పెరుగుకు అన్నం. అందుకే మన భోజనంలో వంటకాలు పెరిగినకొద్దీ అన్నం కూడా పెరుగుతుంది. జపాన్ భోజనంలో వంటకాలు పెరిగితే అన్నం తగ్గుతుంది. అన్నంలో కలిస్తేనే సరిపోయేలా వండుతాం కాబట్టి మన కూరల్లో, పులుసుల్లో, పచ్చళ్లలో ఉప్పు, కారం, పులుపు ఘాటుగా ఉంటాయి. ఆ ఘాటుకు మళ్లీ అన్నం కావాలి. ధాన్యం ఎక్కువ, కూర తక్కువ, ఉప్పు ఎక్కువ అని మీ కాగితంలో మూడు వేర్వేరు లోపాలుగా కనిపించినవి నిజానికి ఈ ఒక్క అమరికలోంచి వచ్చినవే. మీరు పోల్చే ప్రతి భోజనంలోనూ ధాన్యం ఎక్కడ ఉంది, దానితో మిగతావి కలుస్తాయా, విడిగా ఉంటాయా అని చూసి రాసుకోండి.

అమరికను చూసేటప్పుడు మన బలం కూడా బయటపడుతుంది. బియ్యంలోని మాంసకృత్తుల్లో లైసిన్ అనే అంశం తక్కువ, పప్పులో అది పుష్కలం; పప్పులో కొరవడే మరో అంశమైన మెథియోనిన్‌ను బియ్యం భర్తీ చేస్తుంది. మెక్సికోలో మొక్కజొన్న రొట్టెతో చిక్కుళ్లు, ఈజిప్టులో బియ్యమూ పప్పూ కలిపి వండే కోషరీ, జపాన్‌లో అన్నంతో సోయా, మన దగ్గర పప్పన్నం — ఎక్కడెక్కడి జనాలో ఒకే ఏర్పాటుకు చేరుకున్నారు. ఇక్కడ మనం ఎవరి దగ్గరా నేర్చుకోవలసింది లేదు. పప్పు పలుచబడి పప్పుచారుగా మారిపోకుండా చూసుకుంటే చాలు.

కొవ్వు విషయంలో తొందరపడి తీర్పు చెప్పకండి

అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ 1958లో మొదలుపెట్టిన ఏడు దేశాల అధ్యయనం ఈ సందర్భంలో తెలుసుకోదగ్గది. గ్రీసుకు చెందిన క్రీటు దీవిలో రైతుల ఆహారంలో దాదాపు 40 శాతం కేలరీలు కొవ్వు నుంచే వచ్చేవి, అందులో అత్యధిక భాగం ఆలివ్ నూనె. జపాన్ గ్రామాల్లో అది 10 శాతం దరిదాపుల్లో ఉండేది. ఇంత తేడా ఉన్నా రెండు చోట్లా గుండెజబ్బులు తక్కువే. తూర్పు ఫిన్లాండులోనూ కొవ్వు క్రీటులో ఉన్నంతే తినేవారు గానీ, అది వెన్న, మీగడ పాల నుంచి వచ్చేది. గుండెజబ్బులు అక్కడే అన్నిటికంటే ఎక్కువ. కాబట్టి కొవ్వు ఎంత అన్న గడి పక్కనే, అది దేని నుంచి అన్న గడి కూడా మీ కాగితంలో ఉండాలి. మన ఇళ్లలో ఆ రెండో గడిలో నెయ్యి, వనస్పతి, బేకరీ సరుకులు, వేపుళ్లకు మళ్లీ మళ్లీ కాచిన నూనె వేరువేరుగా రాసుకోవాలి.

క్రీటు రైతులు రోజంతా కొండవాలుల్లో పనిచేసేవారు. గ్రీకు ఆర్థడాక్స్ క్రైస్తవ సంప్రదాయం ప్రకారం ఏడాదిలో చాలా రోజులు మాంసం, గుడ్లు, పాలు ముట్టరు. కార్తీక మాసంలో మన ఇళ్లకు వచ్చి చూసినవారు తెలుగువారంతా శాకాహారులని రాసుకుపోయినట్టు కాకుండా, వాళ్ల ఉపవాస దినాలనూ మామూలు దినాలనూ విడదీసి చూడాలి.

పదార్థం వెనకున్న వంట పద్ధతిని వదిలేయకండి

మెక్సికోలో మొక్కజొన్నను సున్నపు నీళ్లలో ఉడికించి నానబెట్టాక రుబ్బుతారు. అలా చేస్తే గింజలో పట్టుకుని ఉన్న నియాసిన్ అనే విటమిన్ ఒంటికి అందేలా విడుదలవుతుంది. యూరప్ వాళ్లు మొక్కజొన్నను తీసుకెళ్లారు గానీ ఆ పద్ధతిని తీసుకెళ్లలేదు. తర్వాతి కాలంలో ఉత్తర ఇటలీలోనూ, ఆపైన అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోనూ మొక్కజొన్న మీదే బతికిన పేదలకు పెల్లగ్రా వ్యాధి వచ్చింది. చర్మం పగిలిపోయి, విరేచనాలు పట్టి, మతి చెడే జబ్బు అది. మన దక్కనులో జొన్నే ప్రధానాహారంగా బతికిన పేదల్లోనూ పెల్లగ్రా కనిపించింది, పోషకాహార శాస్త్రవేత్త డాక్టర్ సి. గోపాలన్, సహచరులు హైదరాబాదులో దాని మీద పరిశోధించి, జొన్నలోని మాంసకృత్తుల్లో ఎక్కువగా ఉండే లూసిన్‌కూ దానికీ సంబంధముందని 1960లో ప్రకటించారు. జొన్నతోపాటు పప్పు, పాలు, ఆకుకూరలు తినగలిగినవారికి ఆ భయం లేదు. చిరుధాన్యాలకు మారేవారు ఈ చరిత్రను గుర్తుంచుకుని, ధాన్యంతోపాటు దాని పక్కన ఉండవలసిన వాటినీ తెచ్చుకోవాలి.

మీ ఒంటినీ మీ రోజునూ లెక్కలో చేర్చండి

ఒకే భోజనం రెండు శరీరాల్లో ఒకేలా పనిచేయదు. ఉత్తర యూరప్‌లో పెద్దవాళ్లలో ఎక్కువమందికి పాలు సులభంగా అరుగుతాయి; దక్షిణ భారతంలో చాలామందికి అరగవు, పెరుగు, మజ్జిగ మాత్రం పడతాయి. బరువు తక్కువగా కనిపించినా మనవారికి పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో ఆసియా వారికి బీఎంఐ (కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 23 దాటినప్పటి నుంచే జాగ్రత్తపడాలని సూచించారు. మామూలుగా అందరికీ చెప్పే హద్దు 25. మీ కాగితం పైన ఎత్తు, బరువు, నడుము చుట్టుకొలత, రోజులో నడిచే సమయం, కూర్చునే సమయం రాసుకోండి.

ఏం తెచ్చుకోవాలో నిర్ణయించుకోండి

పోలిక పూర్తయ్యాక విదేశీ సరుకుల జాబితా తయారు చేసుకోవద్దు. సాల్మన్ కొనలేమని బాధపడనక్కరలేదు, మన తీరంలో దొరికే కవళ్లు, కానగుర్తలు కూడా ఒమేగా-3 అనే మంచి కొవ్వు ఉన్న చేపలే. ఆలివ్ నూనె కూడా నూనే. చెంచాకు అన్ని నూనెల్లో ఉన్నన్ని కేలరీలే అందులోనూ ఉంటాయి. మన వేపుడులో అదనంగా పోస్తే అది క్రీటు భోజనం అయిపోదు.

అమరికలో ఒక్క మార్పు తెచ్చుకోండి. మొదట చేయదగ్గది, నా ఉద్దేశంలో, కూరను సగం విడిగా తినడం. పళ్లెంలో అన్నం కన్నా ముందు కూర వడ్డించుకుని, దాన్ని ఉత్తగా తినగలిగేలా ఉప్పు కారాలు తగ్గించి వండుకోవాలి. బీరకాయ, సొరకాయ, బీన్సు, క్యాబేజీ వంటివి ఉడికించి, పెసరపప్పో కొబ్బరో చేర్చి, చివర్లో చెంచాడు నూనెతో పోపు పెడితే గిన్నెడు తినవచ్చు. మూడు విడతల అన్నంలో చారు విడతను తీసేసి, చారును గ్లాసులో పోసుకుని తాగితే మరో 150 గ్రాముల అన్నం తగ్గుతుంది. ఉప్పు తగ్గించడం మన నాలుకకు కుదరదని అనుకునేవారికి జపాన్‌లోని నగానో రాష్ట్రం ఉదాహరణ. మంచు కురిసే చలికాలమంతా ఉప్పులో ఊరబెట్టిన కూరలతో గడిపే ఆ ప్రాంతంలో ఒకప్పుడు పక్షవాతం బాగా ఎక్కువ. వైద్యులూ గ్రామాల్లోని ఆరోగ్య కార్యకర్తలూ ఏళ్ల తరబడి ఇంటింటికీ చెప్పి, చారులో కూరముక్కలు పెంచి, ఉప్పూ ఊరగాయా తగ్గేలా చేశారు. తర్వాత ఆయుర్దాయంలో ఆ రాష్ట్రం దేశంలో ముందు వరుసకు చేరింది.

షుగరుకు మాత్రలో ఇన్సులినో వాడేవారు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర మరీ పడిపోయే ప్రమాదముంది కాబట్టి వైద్యునికి చెప్పి చేయాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలను ఉన్నట్టుండి పెంచకూడదు. మూత్రపిండాల జబ్బున్నవారు పప్పులు పెంచే ముందు అడగాలి.

నెల గడిచాక మళ్లీ మూడు రోజులు తూచి రాసి, రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకోండి. అన్నం తగ్గినచోట ఏం పెరిగిందో వెతకండి. కూర పెరిగితే సరే. నూనె పెరిగినట్టు తేలితే కూరల్లో వేపుళ్లు ఎక్కువయ్యాయని అర్థం, ఉడికించి పోపు పెట్టే వంటలకు మళ్లండి. సాయంత్రపు బిస్కట్లో మిక్చరో పెరిగితే మధ్యాహ్నపు భోజనంలో పప్పు చాలడం లేదన్నమాట. మనిషికి మరో 20 గ్రాముల పప్పు ఎక్కువ నానబోసి, తర్వాతి నెల మళ్లీ తూచండి.